పొగ వాసనకు మార్కులు

ముప్పై ఒక్క ఏళ్లు పొగాకు కంపెనీలో ఆకు రకం చూసి చెప్పే ఉద్యోగం చేశాను. వేలం కేంద్రంలో బేళ్ల వరుస వెంట నడుస్తూ ఆకు అంచు పట్టి చూడడం, రంగు చూడడం, ముక్కుకు ఆనించుకోవడం, తరువాతి బేలు దగ్గరికి చేరేలోపు ధర మనసులో తేల్చుకోవడం. ఆ వేగంలో చాలా తప్పులే చేసి ఉంటాను. ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ తడబడలేదు. ఆకులో కట్టెపొగ వాసన తగిలిందా, ఆ బేలు నోబిడ్, అంటే దానికి ధర పాడేది లేదు.

వర్జీనియా పొగాకు ఆకును ఆరబెట్టే బ్యారన్ చూసినవారికి దీని కారణం తెలుసు. పొయ్యి మండుతుంది, ఆ వేడి ఇనుప గొట్టాల్లో బ్యారన్ లోపలంతా తిరుగుతుంది, పొగ మాత్రం గొట్టంలోనే ఉండి బయటికి పోతుంది. ఆకుకు వేడి తగలాలి, పొగ తగలకూడదు. గొట్టానికి ఎక్కడైనా చిల్లి పడితే అయిదారు రోజుల కాపలా, కట్టెల ఖర్చు, రైతు నిద్ర అన్నీ ఆ చిల్లిలోంచే పోతాయి.

అలా అలవాటుపడ్డ ముక్కు ముందు మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు పొగ వేసి మరీ కాచిన బీరు పెట్టి, మార్కులు వేయమన్నాడు.

శ్రీకర్ ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లోనే బీరు కాస్తాడు. అక్కడ సొంతానికి కాచుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదట. ఇక్కడ గుంటూరులో ఆ పని చేస్తే ఎక్సైజు వారికి పండుగ మామూలు మనమే పిలిచి ఇచ్చినట్టవుతుంది. కాచడంతో ఊరుకోక, ఈ మధ్య బీరు పోటీలకు జడ్జి కావాలని పరీక్షకు చదువుతున్నాడు. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జి సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. ఏ రకం బీరు ఎలా ఉండాలో వాళ్లు ఒక పుస్తకమే తయారు చేశారు. వాడికి సాధన కావాలి, పక్కన ఇంకొక ముక్కు కావాలి. "మీ ముక్కు ఊరికే పడి ఉంది కదా మావయ్యా" అన్నాడు. ఆ మాట వాళ్ల అమ్మ నేర్పించి పంపినట్టు అనిపించింది.

పెట్టెలో మూడు సీసాలు తెచ్చాడు. ఒక్కొక్కటి 330 మిల్లీలీటర్లు. ముక్కనుమ మర్నాడు మధ్యాహ్నం కూర్చున్నాం. అంతకుముందు కుదరలేదు. భోగి మంటల వాసన రెండు రోజులు బ్రాడీపేటను వదలలేదు, ముక్కనుమ నాడు ఇంట్లో మాంసం వండారు. మిర్చి యార్డుకు పండుగ సెలవులు కాబట్టి గాలిలో మిర్చి ఘాటు లేదు, అది మా అదృష్టం. ఆ రోజు భోజనంలో ఆవకాయ లేదు, గోంగూర లేదు, పెరుగన్నం ఒక్కటే. నాలుక శుభ్రం చేసుకోవడానికి ఉప్పులేని బిస్కెట్లు వాడతారట. మా ఇంట్లో అలాంటివి లేవు, మరమరాలు పెట్టాం. నన్నడిగితే బిస్కెట్ల కన్నా అవే నయం, నోట్లో ఏమీ మిగల్చవు.

ఇంత జాగ్రత్త పడ్డాక మొదటి గ్లాసులోనే అభాసుపాలయ్యాను. వాసన చూసి "సాంబ్రాణి" అని రాశాను. శ్రీకర్ తన గ్లాసు చూసుకున్నాడు, నా గ్లాసు తీసుకుని చూశాడు, తరువాత గోడవైపు తిరిగి వాసన పీల్చాడు. పొద్దున పూజకు మా ఆవిడ వేసిన సాంబ్రాణి కర్టెన్లను పట్టుకుని ఉంది. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను వేసి, అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాం. రెండో అవమానం గ్లాసులది. బీరు పోయగానే నురగ పొంగి, అంతలోనే జాకెట్టు ముడి ఊడినట్టు జారిపోయింది. గిన్నెలు తోమే సబ్బు పొర గాజుకు అంటుకుని ఉంటే నురగ నిలవదని వాడు చెప్పాడు. నేనే కడిగాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. వేడినీళ్లతో మళ్లీ కడిగి, తుడవకుండా బోర్లించి ఆరబెట్టాం.

మార్కుల కాగితం సంగతి చెప్పాలి. మొత్తం 50. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో దాని బరువుకూ నునుపుకూ 5, మొత్తం మీద ఎలా ఉందన్న దానికి 10. చూపుకు మూడే ఏమిటని నేను పేచీ పెట్టాను. మా పొగాకులో రంగే సగం ధర. "తాగేటప్పుడు కళ్లు మూసుకోవచ్చు మావయ్యా, ముక్కు మూసుకుంటే ఏమీ మిగలదు" అన్నాడు. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి చూశాను. తీపి, చేదు, ఒంటికి వేడి. అంతే. వదిలాక మిగతాదంతా వచ్చింది. మూడు మార్కులతో సరిపెట్టుకున్నాను.

పోసిన వెంటనే వాసన చూడాలి, ఎందుకంటే కొన్ని వాసనలు మొదటి నిమిషంలోనే ఎగిరిపోతాయి. గ్లాసు మీద అరచేయి మూసి, కొద్దిగా తిప్పి, చేయి తీసి పొట్టి పొట్టిగా పీల్చాలి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. ఇది నాకు కొత్త కాదు, బేలు దగ్గర చేసేది అదే. రుచి చూశాక ఉమ్మకూడదు, మింగాలి. మింగి, నోరు మూసుకుని ముక్కులోంచి గాలి వదిలితే రెండోసారి వాసన తెలుస్తుంది. ఒక్కొక్కరికి గ్లాసులో మూడు వేళ్ల ఎత్తు, అంతకుమించి లేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండా రాసుకోవాలి. మొహం కూడా చిట్లించకూడదట, పక్కవాడి మీద ప్రభావం పడుతుందని. నా మొహాన్ని అదుపులో పెట్టడం చాలా కష్టమైంది.

మొదటి సీసా కొలబద్ద కోసం. స్కాచ్ ఏల్ అనే బీరు రకం ఎలా ఉండాలో తెలియాలంటే పేరున్నది ఒకటి ముందు తాగి చూడాలి. అది ట్రాక్వెయిర్ హౌస్ ఏల్, 7.2 శాతం. స్కాట్లండ్‌లో ట్రాక్వెయిర్ అనే పాత కోటలాంటి ఇల్లు ఉంది. ఆ ఇంట్లో మూలపడి ఉన్న పాత బీరు కాచే సరంజామాను ఆ ఇంటి యజమాని పీటర్ మాక్స్‌వెల్ స్టువర్ట్ బయటికి తీసి 1965లో మళ్లీ కాచడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఓక్ చెక్క తొట్లలోనే పులియబెడతారు.

ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచాం. మరీ చల్లగా ఉంటే ఈ రకం నోరు విప్పదు. రంగు నల్లబెల్లం నీళ్లలా ఉంది, వెలుతురుకు ఎత్తితే దానిమ్మ ఎరుపు. వాసన చూశాక రాయడానికి మాట వెతుక్కోనక్కరలేకపోయింది. అరిసెల పాకం. అదీ ముదురు పాకానికి వచ్చి, దించడానికి ఒక్క నిమిషం ఆలస్యమైనప్పటి వాసన. ముందు గదిలో డబ్బా నిండా అరిసెలు ఉన్నాయి కాబట్టి అలా అనిపించిందేమో అని మళ్లీ చూశాను, అదే. శ్రీకర్ కాగితం మీద కారమెల్ అని ఉంది. మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, దాని నీళ్లను పాత్రలో చాలాసేపు మరిగిస్తే కొంత చక్కెర మాడి ఈ వాసన వస్తుందని చెప్పాడు. చేదు పేరుకే ఉంది. గొంతు దిగాక వేడి తెలిసింది కానీ మంట లేదు.

ఈ బలమైన స్కాచ్ ఏల్‌కు 'వీ హెవీ' అని ముద్దుపేరు. వీ అంటే చిన్నది. హెవీ అంటే చెప్పనక్కరలేదు. మద్యం 6.5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది కాబట్టి చిన్న సీసాల్లో అమ్మేవారు. నాకు నచ్చిన ఇంకొక సంగతి, స్కాట్లండ్‌లో పూర్వం బీర్లను పీపా ధరను బట్టి అరవై షిల్లింగులు, ఎనభై షిల్లింగులు అని పిలిచేవారు. ధరే పేరు. వేలంలో ఎదిగిన నాకు ఇంతకన్నా సూటి పేరు తోచదు.

అంతా బాగుంది కానీ పొగ ఎక్కడ? అడిగేశాను. "స్కాచ్ అంటే పొగ వాసన ఉండాలి కదరా?"

వాడు నవ్వాడు. "అందరూ అదే అనుకుంటారు. అది విస్కీ సంగతి మావయ్యా."

స్కాట్లండ్ దీవుల్లో చెట్లు తక్కువ, బురద నేలలు ఎక్కువ. ఆ నేలల్లో నాచు, గడ్డి వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకుపోయి ఒక రకం మట్టి అవుతుంది. దాన్ని పీట్ అంటారు. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పిడకల్లా కాలుస్తారు. విస్కీ కోసం బార్లీ మాల్టును ఆ మంట మీద ఆరబెడితే ఆ పొగ గింజలోకి దిగుతుంది. బీరు కాచేవారి దారి వేరు. కట్టెల మీద ఆరబెట్టిన రోజుల్లో ఎక్కడి మాల్టయినా పొగచూరేది, ఆ పొగ చాలామందికి ఇష్టం లేదు. ఇంగ్లండ్‌లో 1640ల నుంచే బొగ్గును ముందే కాల్చి పొగ పోగొట్టిన కోక్‌తో మాల్టు ఆరబెట్టడం మొదలైంది. పొగ లేని మాల్టుకే గిరాకీ వచ్చింది. జడ్జీల పుస్తకంలో వీ హెవీ దగ్గర కూడా ఇదే తీర్పు ఉంది. కాల్చిన బార్లీ వల్లనో, మరిగించడం వల్లనో లీలగా పొగ తోస్తే పరవాలేదు, పీట్ మాల్టు మాత్రం సంప్రదాయం కాదు.

వింటుంటే నాకు బ్యారన్ గొట్టాలు కళ్ల ముందు కనిపించాయి. వాళ్ల కోక్ బట్టీ, మన ఇనుప గొట్టం పుట్టింది ఒకే బాధలోంచి. పొగను తప్పించడానికి ఇన్ని తంటాలు పడి, ఇప్పుడు డబ్బిచ్చి మళ్లీ లోపల వేసుకుంటున్నారన్న మాట.

మిగిలిన రెండు సీసాలకు వాడు దినపత్రిక చుట్టి, ఒకదాని మీద 'అ', రెండోదాని మీద 'ఆ' అని రాశాడు. రెండూ వీ హెవీ కిందే చూడమన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

'అ' గ్లాసు ముక్కు దగ్గరికి ఇంకా రానేలేదు, ఆసుపత్రి వరండా వచ్చింది. తడిసిన గాజుగుడ్డ, అయోడిన్, వాటి వెనక ఎండిన చెరువులో నిప్పుపెట్టినట్టు మట్టి కాలిన వాసన. ఒక క్షణం కాలిన కరెంటు తీగ కూడా. నా ముక్కు ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ గ్లాసును బల్ల అవతలికి నెట్టబోయింది. కాగితం మీద "మాడింది" అని ఒకే మాట రాశాను. రుచిలో కింద ఎక్కడో బెల్లం ఉన్నట్టుంది, పైకి రానివ్వడం లేదు. వాసన 5, చూపు 3, రుచి 8, బరువు 4, మొత్తం మీద 4. కూడితే 24.

'ఆ' పూర్తిగా వేరు. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, బెల్లం వండే పొయ్యి దగ్గర నిలబడితే బట్టలకు పట్టే వాసన. పొగ ఉంది, పాకం పక్కన ఒదిగి ఉంది. కాస్త మసకగా ఉంది కాబట్టి చూపులో ఒకటి తగ్గించాను. నిజానికి నచ్చింది. కానీ వీ హెవీ అన్నాడు, వీ హెవీలో ఇంత పొగ ఉండకూడదని ఇప్పుడే చెప్పాడు. వాసన 7, చూపు 2, రుచి 12, బరువు 4, మొత్తం 6. 31.

కాగితాలు మార్చుకున్నాం. నా 'అ' కాగితం చూసి వాడు చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు అర్థమైంది, రెండూ వాడు కాచినవే. 'అ'లో పీట్ మాల్టు, 'ఆ'లో జర్మనీ పద్ధతిలో బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన మాల్టు. బాంబెర్గ్ ఊరిలో అలాంటి పొగ బీరు ఇప్పటికీ కాస్తారట. రెండూ ఎనిమిది శాతం పైనే.

"24కు నాకు బాధ లేదు మావయ్యా. మీరు ఒక్క మాటే రాశారు. ఎందుకు మాడింది, ఎక్కడ తెలిసింది, ఏం చేస్తే బాగుపడుతుంది? ఇది చదివి కాచినవాడు ఏం చేసుకోవాలి?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. వేలం కేంద్రంలో నోబిడ్ పడ్డ బేలు పక్కన నిలబడి "ఎందుకు బాబూ" అని అడిగిన రైతులు ఎంతమందో. నడుస్తూనే "పొగ" అనేవాడిని. ఏ గొట్టం, ఏ మూల అని ఎవరికీ చెప్పలేదు. ఆగడానికి తీరిక ఉండేది కాదు. ఆకు ఏ వైపు ఎక్కువ పొగచూరిందో చూస్తే చిల్లి ఎటు ఉందో కొంతయినా చెప్పగలిగేవాడినే.

కొత్త కాగితం తీసుకున్నాను. ఈసారి అసలైన చిక్కు ఎదురైంది. ఆసుపత్రి వాసన పీట్‌దా, లేక కాచడంలో దోషమా? కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టకుండా కాస్తే అది మాల్టు, ఈస్టుల నుంచి వచ్చే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి అచ్చం ఇలాంటి మందుల వాసన పుట్టిస్తుంది. పీట్ పొగలో ఉన్నవీ ఫినాల్సే. రెండూ దాయాదులు. శ్రీకర్ చెప్పిన తేడా ఇది: క్లోరిన్ దోషమైతే వాసనలో ప్లాస్టిక్ ఉంటుంది, పదునుగా చివరిదాకా అలాగే నిలబడుతుంది. పీట్ అయితే వెనక మట్టి, బూడిద ఉంటాయి. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఒక గ్లాసులో 'అ' పెట్టుకుని మార్చి మార్చి చూశాను. నీళ్లలో ఉన్నది సూదిలా ఉంది. బీరులో ఉన్నదానికి కింద నేల ఉంది. దోషం కాదు, పీటే. "మందుల వాసన ఉంది, దాని వెనక కాలిన మట్టి ఉంది కాబట్టి నీళ్ల దోషం అనుకోను. పాకం వాసనను కప్పేస్తోంది. పీట్ మాల్టు తగ్గించి చూడాలి" అని రాశాను. నాలుగు వరుసలు రాయడానికి పది నిమిషాలు పట్టింది.

అప్పుడు వాడు అసలు ముడి విప్పాడు. ఆ పుస్తకంలోనే పొగ బీర్లకు వేరే విభాగం ఉంది. ఏదైనా తెలిసిన రకాన్ని పొగ మాల్టుతో కాస్తే దాన్ని అక్కడ పెట్టాలి. అక్కడ అడిగేది పొగ ఉందా అని కాదు, ఉన్న పొగ అసలు రకంతో పొత్తు కుదిరిందా అని. ఇవే రెండు బీర్లను ఆ విభాగంలో మళ్లీ చూడమన్నాడు.

ముందు పేచీ పెట్టాను. గ్లాసులో ఉన్నది మారలేదు, పైనున్న చీటీ మారితే మార్కులు ఎలా మారతాయి? అడుగుతుండగానే సమాధానం నాకే తట్టింది. అమెరికాలో కెంటకీ వైపు ఒక పొగాకు ఉంది, దాన్ని నేరుగా కట్టెల పొగ మీదే ఆరబెడతారు. పొగ వాసన లేకపోతే దాన్నే తిప్పి పంపుతారు. ఆ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచి నాకు తెలుసు. దాన్ని నేనెప్పుడూ చెడ్డ ఆకు అనుకోలేదు. వర్జీనియా అని చెప్పి పొగచూరింది తెస్తేనే నాకు కోపం.

'ఆ'కు ఈసారి 38 వచ్చింది. వాసన 9, చూపు 2, రుచి 16, బరువు 4, మొత్తం 7. ఆ పుస్తకం లెక్కలో 38 అంటే 'చాలా బాగుంది' దాటి పై మెట్టు మీద కాలు పెట్టినట్టు. 'అ'కు 30 వేశాను. శ్రీకర్ 37 వేశాడు. తన బీరని కాదు, అసలు పీట్ ఇలాగే ఉండాలని వాడి వాదన. కింద ఉన్నది స్కాచ్ ఏలో కాదో నాకు తెలియడం లేదు, తెలియనప్పుడు పొత్తు కుదిరిందని ఎలా రాయను అని నా వాదన. మార్కుల్లో తేడా ఎక్కువైతే జడ్జీలు మాట్లాడుకుని దగ్గరికి రావాలట. మేము దగ్గరికి రాలేదు. వాళ్ల అమ్మ పట్టుదల వాడికి వచ్చింది, ఆ పట్టుదల మా నాన్న నుంచి నాకూ వచ్చింది.

నలభై నిమిషాల తరువాత గ్లాసులో మిగిలిన గుక్క తాగితే బెల్లం స్పష్టంగా వచ్చింది. ఎండుద్రాక్ష కూడా. శ్రీకర్ గెలిచినట్టు చూశాడు. నేను ఒప్పుకోలేదు. బీరు వేడెక్కి పాకం బయటికి వచ్చిందా, లేక అంతసేపు పొగలో కూర్చుని నా ముక్కు పొగను వినడం మానేసిందా? బ్యారన్ దగ్గర పడుకునే రైతుకు తన బట్టల వాసన తెలియదు. పోటీలో జడ్జి ముందు ఒక సీసా నలభై నిమిషాలు ఉండదు, పది నిమిషాలు కూడా ఉండదేమో. 30ని 32 చేశాను. అది కూడా పండుగ కాబట్టి.

ఇంతలో మా ఆవిడ గ్లాసులు తీయడానికి వచ్చింది. తాగదు. 'అ' గ్లాసు ఎత్తి ఒకసారి వాసన చూసి, "పాయసం అడుగంటినట్టుంది, కలపకుండా ఎవరు కూర్చున్నారు?" అంది.

శ్రీకర్ పెన్ను మూత తీశాడు. "అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి" అని, నా కాగితంలో వాసన గడిలో నేను మొదట రాసిన మాట కొట్టేసి, పక్కన అది రాసుకున్నాడు.